మూడో గుంత

ఒక మనిషిని ఇష్టపడుతూనే, ఆ మనిషి చేతి ముద్దను చూస్తే కడుపులో తిప్పడం ఎట్లా జరుగుతుంది? చిన్నప్పటి నుంచి నాతో ఉన్న ప్రశ్న ఇది. దీన్ని అడగగలిగిన ఒకే ఒక్క మనిషి, మా పెద్దమ్మ, పోయిన నెలలో చనిపోయింది. ఆమె ఉన్నన్నాళ్ళూ నేను అడగలేదు.

ఆ పొద్దున నేను అనంతపురంలో, కాలేజీలో పాఠం చెబుతున్నాను. హుసేన్‌బీ ఫోన్ చేసింది. నలభై ఏళ్ళుగా పెద్దమ్మతో కలిసి చేను చేసిన మనిషి. ఎప్పుడూ ఒకసారి మోగించి పెట్టేసేది, ఆ రోజు ఆపకుండా మోగించింది. వరండాలోకి వచ్చి ఎత్తితే ఏడుపు లేదు, పలకరింపు లేదు.

"దొరసానమ్మ పోయినాది మ్మా. కొర్రలు చెరుగుతా చెరుగుతా అట్లనే గోడకు ఆనుకున్యాది. చాట ఇంగా ఒళ్ళోనే ఉండాది. నువ్వు తొందరగా రా. మీ అన్నోళ్ళు రాకముందే రా."

ఆ చివరి మాట ఎందుకన్నదో నాకు తెలుసు. తెలిసి కూడా పాఠం పూర్తి చేశాను. సెలవు చీటీ రాశాను. గార్లదిన్నె వైపు బస్సు ఎక్కేసరికి పదకొండు దాటింది. నేను పోయేసరికి మా అన్నవాళ్ళు షామియానా వేయిస్తున్నారు.

ఊరికి ఆమె దొరసానమ్మ, నాకు పెద్దమ్మ. మా నాయనకు అన్న వరస అయ్యే ఒకాయన జర్మనీకి పోయి ఏదో ఫ్యాక్టరీలో పనిచేసి, తిరిగొచ్చేటప్పుడు ఆమెను పెళ్ళి చేసుకొని తీసుకొచ్చాడు. నేను పుట్టకముందు సంగతి. అక్కడ ఆమె కూడా ఆవుల మధ్య పెరిగిన రైతు బిడ్డే. మా వాళ్ళు ఇద్దరినీ గడప లోపలికి రానివ్వలేదు. భాగం అడిగితే గుట్ట వాలులో ఉన్న రాళ్ళ చేను ఇచ్చారు. ఆ చేనులో మేకలు కూడా నిలబడి మేసేవి కావని, నడుస్తూ వెతుక్కునేవని నాయన చెప్పేవాడు. పెదనాయన రెండేళ్ళు తిరక్కముందే కామెర్లతో పోయాడు. ఆమె వాళ్ళ దేశానికి వెళ్ళిపోతుందని అందరూ ఎదురుచూశారు. ఆమె వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదని నేను ఒకసారి అడిగాను.

"ఆయప్ప ఈడ ఉండాడు. నేను నాటిన చింతమొక్క ఈడ ఉండాది. ఆడికి పోయి ఏం చేయల్ల?" అంది. ప్రశ్నకు ప్రశ్నే జవాబు, అది ఆమె పద్ధతి.

ఆమె తెలుగు పుస్తకంలో నేర్చుకున్నది కాదు. కలుపు తీసే ఆడవాళ్ళ పక్కన కూర్చొని నేర్చుకున్నది. అందుకని తిట్లు ముందు వచ్చాయి, మర్యాదలు తర్వాత వచ్చాయి, కొన్ని మర్యాదలు రానే లేదు. లెక్కపెట్టడం మాత్రం చివరిదాకా జర్మన్‌లోనే. వాలుకు అడ్డంగా రాళ్ళ కట్టలు పేరుస్తూ ఒక్కో రాయికి ఒక్కో అంకె పలుకుతుంటే, హుసేన్‌బీ కూడా అవే అంకెలు పలికేది. వాళ్ళిద్దరూ ఎండలో ఆ భాషలో లెక్కపెడుతూ పోతుంటే దారిన పోయేవాళ్ళు ఆగి నవ్వేవాళ్ళు. పెదనాయన చొక్కాలు చీర మీద తొడుక్కునేది. చొక్కా జేబులో మడత భూతద్దం ఒకటి ఉండేది.

నాయన వెంట చేనుకు పోయి, అక్కడి నుంచి గట్టు దాటి ఆమె దగ్గరికి చేరేదాన్ని. నాయన చూసీ చూడనట్టు ఉండేవాడు. పెద్దమ్మ భూతద్దం నా చేతికిచ్చి, కంది ఆకు ముందు పెట్టేది.

"ఏం చూస్తివి?"

"ఆకు."

"అది ఆకని నాకూ తెలుసులే పాపా. ఏం చూస్తివో చెప్పు."

నేను ఆకు మీద నూగు చూసేదాకా, ఆ నూగు చివర చుక్కంత జిగురు చూసేదాకా వదిలేది కాదు. నేను వృక్షశాస్త్రం చదివిందీ, ఇవాళ దాన్నే పాఠం చెప్పి బతుకుతున్నదీ ఆ జేబులో అద్దం వల్లే. ఈ మాట ఆమెకు చెప్పాననే అనుకుంటున్నాను. చెప్పానో లేదో.

ఇక చెప్పాల్సింది ఆమె ఎరువు సంగతి. మా ఊళ్ళో ఆమె పేరెత్తితే ముందు గుర్తొచ్చేది అదే.

మొదటి ఏళ్ళలో ఆమెకు పశువులు లేవు. ఒక తట్ట పేడ ఎరువు ఇమ్మని మా చిన్నాయన ఇంటికి పోయింది. లేదన్నారు. వాళ్ళ దిబ్బ మనిషి ఎత్తు ఉండేది. ఆ సంవత్సరమే ఆమె ఇంటి వెనక రెండు గుంతలు తవ్వి, రాళ్ళతో కట్టి, పైన బండలతో మరుగుదొడ్డి లేపింది. ఒక గుంత ఒక ఏడాది. దొడ్డికి పోయినప్పుడల్లా బూడిద, వేపాకు, మట్టి చల్లాలి. నిండితే మూసి రెండో గుంతకు మారాలి. ఏడాది మాగిన గుంతను మృగశిర కార్తె ముందు తెరిచి చేనుకు తోలాలి. ఆ గుంతలోకి ఆమే దిగేది, ఆమే ఎత్తేది.

"అడిగితే ఇయ్యకపోయిరి," అనేది నవ్వుతూ. "ఎవుర్నీ అడిగే పని లేకుండా నా దగ్గర ఉండేది అదొకటే."

ఊరు ఆమెకు పియ్యి దొరసాని అని పేరు పెట్టింది. ఆ పని ఎవరిచేత చేయించాలో, చేసినవాళ్ళను ఎంత దూరంలో నిలబెట్టాలో మా ఊళ్ళకు బాగా తెలుసు. ఆమె చేసిన తప్పల్లా తన పని తాను చేసుకోవడం. ఇది నాకు ఇప్పుడు తెలుసు. కానీ తెలియడం తలలో జరుగుతుంది. కడుపు దాని దారిన అది ఉంటుంది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆమె గుంత తెరిచి, గుప్పెడు నల్లటి మట్టి నా అరచేతిలో పోసింది. "వాసన చూడు. వాన పన్నెంక వస్తాదే, అట్ల ఉండాదా లేదా?" నిజంగానే అట్లాగే ఉంది. మెత్తగా, తడిగా, చల్లగా ఉంది. అదేమిటో తెలిసేలోపు ఆమె నా చేయి కడిగి, పక్క చెట్టు బొప్పాయి కోసి ముక్క పెట్టింది. తిన్నాను. అంత తియ్యటి బొప్పాయి మళ్ళీ తినలేదు.

ఇంటికి పోయి ఆ మాట అన్నాను. అమ్మ నన్ను పెరట్లోకి లాక్కుపోయి, చెంబుడు ఉప్పునీళ్ళు తాగించి, గొంతులో రెండు వేళ్ళు పెట్టింది. బొప్పాయి అయిపోయాక పొద్దుటి సంగటి వచ్చింది, ఆ తర్వాత పసుపుపచ్చటి నీళ్ళు వచ్చాయి. అమ్మ వేళ్ళు తీయలేదు. ఆ రోజు నుంచి పెద్దమ్మ ఇంట్లో నీళ్ళు కూడా నా గొంతు దిగలేదు. యూనివర్సిటీలో మట్టి గురించి, అందులో బతికే కోటానుకోట్ల ప్రాణుల గురించి చదివాను. ఏడాది మాగిన ఆ ఎరువులో అసహ్యించుకోవలసింది ఏదీ మిగలదని పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను. చెప్పిన రోజు కూడా దిగలేదు.

ఒకసారి డిగ్రీ అమ్మాయిలను ఆమె చేనుకు తీసుకుపోయాను. కొర్రన్నం, ఉలవచారు, కందిపచ్చడి చేసి పెట్టింది. పిల్లలు రెండోసారి, మూడోసారి పెట్టించుకున్నారు. నేను నా విస్తరి ముందు కూర్చోలేదు.

"ఈరోజు నాకు ఒక్కపొద్దు పెద్దమ్మా."

"నువ్వొచ్చినప్పుడల్లా ఒక్కపొద్దే," అంది పిల్లలకు వినపడకుండా. "యా దేవుడమ్మా ఆయప్ప? నా ఇంటికాడికి రాంగానే గుర్తొస్తాడే."

నవ్వింది. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది, నేను కూడా కోపం తెచ్చుకొని ఒడ్డున పడేదాన్ని.

తర్వాత్తర్వాత కాలం మారింది. సేంద్రియం అనే మాట ఊళ్ళోకి వచ్చింది. ఆమె పేరు ఊళ్ళు దాటింది. అనంతపురం నుంచి కార్లు వచ్చి సంచులు నింపుకొని పోయాయి. అధికారులు వచ్చి ఆమెతో ఫోటోలు దిగారు, శాలువాలు కప్పారు. ఆ శాలువాలన్నీ ఆమె మేకపిల్లలకు చలికాలం పరుపు చేసింది. మా అన్న, అంటే తట్ట పేడ లేదన్న చిన్నాయన కొడుకు, ప్రతి ఫోటోలోనూ ఆమె భుజం పక్కన నిలబడటం మొదలుపెట్టాడు. ఎరువు ఏమిటని ఎవరూ అడగలేదు. ఆమె దాచలేదు, అడిగితే చెప్పేది. అడగకుండా ఉండటంలో మా జనానికి ఉన్న నైపుణ్యం చూస్తే నాకు వెగటు. అందులో నేను ఎవరికీ తీసిపోను.

రెండేళ్ళ కిందట వేసవిలో నన్ను పిలిపించింది. ఇంటి వెనకకు తీసుకుపోయింది. రెండు గుంతల కింద వాలులో, ఆ చేను మొత్తంలో మట్టి అన్నిటికన్నా నల్లగా ఉన్న చోట, మూడో గుంత ఒకటి కొత్తగా తవ్వి ఉంది. పొడవుగా ఉంది. ఆమె, హుసేన్‌బీ కలిసి నెల రోజులు తవ్వారట.

"ఇది నాది," అంది. "పెట్టె వద్దు. పాత చీర చాలు. బూడిద, వేపాకు, మట్టి. పైన రాయి పెట్టొద్దు. రెండేండ్లు ఆగి కొర్ర చల్లండి."

"మీ మీదనా?"

"నా మీదనే. తియ్యగా వస్తాయి."

నా నోట్లో నీళ్ళూరాయి, వాంతి ముందు ఊరే నీళ్ళు. "ఆ కొర్రలు ఎవరు తింటారు పెద్దమ్మా?"

"తినేటోళ్ళు తింటారు. నువ్వు ఒక్కపొద్దుండు."

హుసేన్‌బీ పగలబడి నవ్వింది. పెద్దమ్మ నవ్వలేదు. నా మణికట్టు పట్టుకుంది. పగుళ్ళ మధ్య మట్టి ఇంకిపోయిన ఆ వేళ్ళు నా చర్మానికి గరుకుగా తగిలాయి. "హుసేన్‌బీ చెప్తే వాళ్ళు ఇనరు. ఇంటి బిడ్డవు, సదువుకున్యావు, నువ్వు చెప్తే ఇంటారు. చెప్తావా?"

"చెప్తాను," అన్నాను. చేయి వదిలించుకోవడానికే అంత తొందరగా అన్నానేమోనని ఇప్పుడు అనుమానం.

ఆమె పోయిన రోజుకు వస్తాను. నేను గడప దాకా పోయేసరికి లోపల ఒళ్ళు కడుగుతున్నారు. బతికుండగా ఆ గడప తొక్కని మా చిన్నమ్మ, అన్న తల్లి, ముందు కూర్చొని ఉంది. కొంగు ముక్కుకు కట్టుకుంది. పెద్దమ్మ చేతులకు సబ్బు రుద్దుతోంది, నీళ్ళు పోస్తోంది, మళ్ళీ రుద్దుతోంది. గోళ్ళ సందుల్లో పుల్ల పెట్టి గీకుతోంది.

"ఈ చేతుల్తో ఏమేం ముట్నాదో, ఎన్ని తూర్లు కడిగినా మురికి పోతాండ్లేదు," అంది.

హుసేన్‌బీ ఆమె చేతిలో చెంబు లాక్కుంది. "అది మురికి గాదు. మట్టి. లెయ్ మ్మా నువ్వు, నేను కడుగుతా."

నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. లోపలికి పోలేదు.

బయట ఫ్లెక్సీ కడుతున్నారు. ఆమె పోయి ఇంకా నాలుగు గంటలు కాలేదు. "మా ఇంటి కోడలు, ప్రకృతి మాత" అని రాసి ఉంది. ఆమె ముఖం కన్నా మా అన్న ముఖం పెద్దగా ఉంది. అన్న ఫోనులో టైల్స్ గురించి మాట్లాడుతున్నాడు. మా వాళ్ళ శ్మశానంలో, రోడ్డు పక్కన, అందరికీ కనపడేట్టు సమాధి కట్టిస్తాడట. ఇంట్లోకి రానివ్వని మనిషికి శ్మశానంలో మొదటి వరసలో చోటు.

ఎవరో ఇంటి వెనకకు పోయి వచ్చి, "ఇంగో గుంత ఉండాది ఏందబ్బా, అది గూడా కక్కసుదేనా?" అని అడిగారు.

హుసేన్‌బీ తడి చేతులతో బయటికి వచ్చింది. "అది దొరసానమ్మ గుంత. ఆయమ్మే తవ్వుకున్యాది. ఆన్నే పెట్టల్లని చెప్పినాది."

"ఏమ్మా, మతి ఉండాదా?" అన్నాడు అన్న. "పియ్యి గుంతల పక్కన మనిషిని పూడిస్తే రేపు ఊరంతా మన మొగాన ఉమ్మరా? నీకు చెప్పినాదంట, ఇంగెవురికన్నా చెప్పినాదా?"

"పాపకు చెప్పినాది. నా ఎదురుగానే. పాపనే అడుగు."

అందరూ నా వైపు తిరిగారు. అన్న గొంతు తగ్గించి, నిజంగానే మర్యాదగా అడిగాడు. "ఏం మ్మా, నీతో ఏమన్నా చెప్పినాదా పెద్దమ్మ?"

నేను చెప్పాల్సింది రెండు మాటలు. చెబితే అన్న గొడవ పడి ఉండేవాడు, ఓడి ఉండేవాడేమో కూడా. ఊళ్ళో నా మాటకు ఆ మాత్రం విలువ ఉంది. కానీ ఆ క్షణంలో నా కళ్ళ ముందు ఉన్నది గొడవ కాదు. ఆ నల్లటి మట్టి, అందులో ఆమె ముఖం, ఆ పైన పచ్చగా లేచిన కొర్ర వెన్నులు. నోట్లో మళ్ళీ నీళ్ళూరాయి.

"నాకు సరిగ్గా గుర్తు లేదన్నా," అన్నాను.

హుసేన్‌బీ నన్ను తిట్టలేదు. తడి చేతులు కొంగుకు తుడుచుకొని లోపలికి పోయింది.

సాయంత్రానికి మా వాళ్ళ శ్మశానంలో పూడ్చారు. అన్న మాట్లాడాడు, ఇంకా ఇద్దరు మాట్లాడారు. భూమి తల్లి అన్నారు, మట్టి మనిషి అన్నారు. ఆ మాటలు విని అసహ్యం వేసింది. కానీ అవి అబద్ధాలు కావు. నా మాటే అబద్ధం.

మర్నాడు అమ్మతో ఇంకో సంగతి చెప్పాను. అమ్మకు చక్కెర జబ్బు, కొన్నేళ్ళుగా కొర్రన్నమే తింటుంది. టౌనులో ఒక అంగడిలో కొంటుంది. ఆ అంగడికి కొర్రలు పోయేది పెద్దమ్మ చేను నుంచే. ఆ సంగతి నాకు తెలుసు, అమ్మకు తెలియదనుకొని ఇన్నేళ్ళూ దాచాను. ఆ రోజు ఎందుకో దాచాలనిపించలేదు. అమ్మ ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా చెప్పేశాను. ఆమె కూడా వాంతి చేసుకోవాలని లోపలెక్కడో కోరుకున్నానేమో.

అమ్మ ముద్ద మింగింది. "తెలుసులే. హుసేన్‌బీ ఆడ మూట దించేది నేను చూళ్ళేదనుకుంటివా?"

"తెలిసీ తింటున్నావా?"

"మొదట్రోజు ముద్ద దిగలేదు. రెండో రోజు దిగినాది. అంతే." ఇంకో ముద్ద కలిపింది. "నిన్ను కక్కించింది నేనే. మళ్ళ మింగించేది మాత్రం నాకు శాతకాలేదు."

మూడో తరగతి చదివిన మా అమ్మ రెండు రోజుల్లో దాటిన గడప నేను చదువంతా చదివి దాటలేకపోయాను. దీన్ని ఎవరి మీదికి నెట్టాలో తెలియక కొన్నాళ్ళు అన్న మీద, కొన్నాళ్ళు అమ్మ వేళ్ళ మీద నెట్టి చూశాను. ఎక్కడా నిలవలేదు.

పోయిన శుక్రవారం శ్మశానానికి వెళ్ళాను. సమాధి పూర్తయింది. గులాబీ రంగు టైల్స్, స్నానాల గదుల్లో వేసే రకం. సిమెంటు వాసన ఇంకా పోలేదు. టైల్స్ చల్లగా ఉన్నాయేమో, రెండు మేకలు వాటి మీద పడుకొని నెమరు వేస్తున్నాయి. హుసేన్‌బీ అప్పటికే అక్కడ ఉంది. ఆ రోజు తర్వాత ఆమె నాతో మాట్లాడటం అదే మొదలు.

"యాడాది లోపలైతే కష్టం. ఎముకలు మిగిలినాంక అయితే తీయొచ్చంట, అడిగినా," అంది నా ముఖం చూడకుండా. "గుంత నేను మూయలేదు. ఆకు పడకుండా తడిక కప్పినా. నువ్వొచ్చి మీ అన్నకు ఉన్నదున్నట్టు చెప్పి, కాగితం మీద సంతకం పెడితే సాలు. మిగతాది నేను చూసుకుంటా. ఏం జేద్దాం?"

అంటే ఊరందరి ముందు నేను అబద్ధం ఆడానని ఒప్పుకోవాలి. అది చేయగలననే అనుకుంటున్నాను. అంతకన్నా కష్టమైనది ఇంకొకటి ఉంది. పూడ్చిన మనిషిని కదపకూడదు, పడుకున్నచోట పడుకోనివ్వాలి అని నాలో ఒక మాట వినపడుతోంది. అది ఆమె మీద గౌరవమా, తొమ్మిదేళ్ళప్పటి నా కడుపు మళ్ళీ మంచి బట్టలు కట్టుకొని వచ్చి మాట్లాడుతోందా?

హుసేన్‌బీ లేచి మేకలను అదిలించింది. అవి దిగిపోయాక టైల్స్ మీద మిగిలిన పెంటికలను అరచేత్తో ఒక చోటికి పోగుచేసి, కొంగులో పోసుకొని, జారిపోకుండా ముడి వేసుకుంది. చేయి దులుపుకొని అప్పుడు నా వైపు చూసింది.

తీయించాలో, వద్దో నాకు తెలియడం లేదు. ఆ మాటే ఆమెతో చెప్పాను.